సాయంకాలపు హాజరు

పోయిన నెలలో ఒక సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టాను. అగ్గిపుల్ల ఇంకా ఆర్పకముందే, తలుపు బయట గ్రిల్ దగ్గర నిలబడి ఎవరో ఆడమనిషి "దీపం ఆంటీ ఇల్లేనా?" అని అడిగింది. పుల్ల వేలు కాల్చేదాకా నేను కదల్లేదు. దీపం అనేది నా పేరు కాదు, ఇంట్లోవాళ్ళు ముద్దుగా పిలిచిన పేరూ కాదు. అది రేడియోలో నా పేరు. ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఈ దీవిలో ఒక్కరైనా మిగిలి ఉన్నారని నేను అనుకోలేదు. వచ్చిన అమ్మాయికి నలభై దాటి ఉంటాయి. వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఏదో ల్యాబులో ఉద్యోగంట, మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. చక్రాల కుర్చీలో వచ్చే తెలుగావిడ అని ఆనవాలు చెప్పి, గుళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నా చిరునామా కనుక్కుందట. "నా పేరు మాధవి ఆంటీ. రేడియోలో గోదారి, తెలుసు కదా? మా డాడీ. లాస్ట్ మంత్ పోయారు. మీకు చెప్పాలి కదా, అందుకే వచ్చాను," అంది.

గోదారి గారు పోయారు. ఆయన గొంతును ఏళ్ళ తరబడి విన్నాను, మనిషిని మాత్రం ఒక్కసారే చూశాను. ఆ గొంతు ఒకనాడు ఉన్నట్టుండి ఆగిపోతే, అందరిలాగే ఈయనా సెల్‌ఫోను కొనుక్కుని మమ్మల్ని మరిచిపోయారు కాబోలని సరిపెట్టుకున్నాను. మాధవి సోఫా అంచున కూర్చుని, నేనిచ్చిన టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని, ఆ తరవాత నిజంగా ఏం జరిగిందో చెప్పింది. చెప్పి నన్నొక మాట అడిగింది. ఆయన అక్కడ ఉన్నారని నాకు తెలుసా, తెలియదా అని. దానికి నేనేం జవాబిచ్చానో రాయాలంటే ముందు మా పాత ఇంట్లో సాయంత్రాలు ఎలా గడిచేవో చెప్పాలి.

నా ఎడమ కాలు పసితనంలోనే జ్వరానికి చచ్చుబడింది. అప్పట్లో మా బ్లాకులో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగేది కాదు. మా ఇంటికి చేరాలంటే లిఫ్టు దిగి ఇంకా మెట్లెక్కాలి. నాన్న షిప్‌యార్డులో క్రేను నడిపేవాడు, తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కేవాడు. నన్నెత్తుకుని రోజూ దింపి ఎక్కించే మనిషి లేక నేను బడి ముఖం చూడలేదు. అమ్మే నాకు బడి. నాన్నవాళ్ళు తాతల నాడే ఈ గడ్డ మీదికి వచ్చి స్థిరపడినవాళ్ళు, అమ్మ మాత్రం పెళ్ళయ్యాక విజయనగరం వైపునుంచి వచ్చింది. బియ్యం ఏరే పళ్ళెంలో వేలితో అక్షరాలు రాయించేది. ఆరేసిన బట్టలు లెక్కపెట్టించి కూడికలు నేర్పేది. మధ్యాహ్నం పక్కింటి మలయ్ వాళ్ళు పాండాన్ ఆకు వేసి అన్నం వండుతుంటే ఆ వాసన కారిడార్ అంతా కమ్ముకునేది, అప్పుడు పుస్తకం మూసి విష్ణు నామాలు చెప్పుకునేవాళ్ళం. నాకేదో లోటు జరిగిందని నేనెప్పుడూ అనుకోలేదు. దేవుడు ఒక కాలు తీసుకుని, అమ్మని రోజంతా నా పక్కనే ఉంచాడు. అందుకు ఇవాళ్టికీ ఆయనకి దణ్ణం పెట్టుకుంటాను. ఒక్క సంగతి మాత్రం ఉండేది. కింద బడి పిల్లలు యూనిఫారాల్లో వరసగా వెళ్తుంటే కారిడార్ గోడ మీద గడ్డం ఆనించి చూస్తూ, లోపలికెళ్ళాక టీచరు వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుందట కదా అని ఆలోచించేదాన్ని. పేరు పిలవగానే "ఉన్నాను" అనడం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

నాన్న ఒకరోజు సీబీ రేడియో పట్టుకొచ్చాడు. ఈ కాలం పిల్లలకి అదేమిటో చెప్పాలి. చెప్పుల పెట్టె అంత ఉండే యంత్రం, ముందు అంకెలు తిప్పే మీట, మెలికల తీగకి వేలాడే మైకు. మైకు పక్కన బటన్ నొక్కితే మనం మాట్లాడొచ్చు, వదిలితే వినొచ్చు. మనతో పాటు అదే ఛానెల్‌లో ఉన్నవాళ్ళందరికీ మన మాట వినబడుతుంది. ఎవరూ మాట్లాడకపోతే సన్నటి హోరు, దూరంగా వాన పడుతున్నట్టు. లైసెన్సు కాగితం తెచ్చుకుంటే చాలు, ఫోను బిల్లు లేదు, తీగ లేదు. ఆ రోజుల్లో టాక్సీ వాళ్ళు, దుకాణాల వాళ్ళు, నాన్నలాంటి షిప్‌యార్డు మనుషులు, ఇంట్లో ఊసుపోని ఆడవాళ్ళు, అందరికీ అదో పిచ్చి. మా ఇంట్లో ఖాళీ ప్లగ్గు దేవుడి గూటి పక్కనే ఉండేది కాబట్టి రేడియో కూడా దేవుడి పక్కనే కొలువుదీరింది. అమ్మ మొదట గొణిగినా, ఆయుధపూజ రోజు నాన్న పనిముట్లతో పాటు దానికీ పసుపు, కుంకుమ పెట్టింది. వేడెక్కిన రేడియో దుమ్ము వాసన, సాంబ్రాణి పొగ, పనినుంచి వచ్చి స్నానం చేసినా నాన్న చేతుల్ని వదలని గ్రీజు వాసన, ఈ మూడూ కలిస్తే నాకు సాయంత్రమయినట్టు.

ఏంటెనా ఎక్కడ పెట్టాలన్నది పెద్ద తగువు. అప్పటి ఫ్లాట్లకి వంటింటి కిటికీ బయట వెదురు గడలు దూర్చే గొట్టాలుండేవి, బట్టలు ఆరేసుకోవడానికి. నాన్న ఒక గొట్టంలో ఏంటెనా కర్ర దూర్చాడు. దాని పక్క గడ మీద అమ్మ తడి చీర ఆరేసిందా, మా మాట వంకర తిరిగిపోయేది. దాంతో మా ఇంట్లో చీరలు ఉతికిన రోజు దీవి మొత్తానికీ తెలిసిపోయేది. కోపీ-ఓ అనే చీనా టాక్సీ అంకుల్ ఉండేవాడు. పాలు లేని కాఫీకి ఇక్కడి పేరు అది, ఆయన రేడియో పేరూ అదే. "దీపం ఆ, మళ్ళీ మీ మదర్ సారీ వాషింగ్ ఆ? నీ వాయిస్ బకెట్‌లోంచి వస్తోంది లా!" అని తన ఇంగ్లీషులో ఏడిపించేవాడు. అమ్మకి అర్థమై, మైకు లాక్కుని, "నీకేటోయ్, నీ చొక్కా ఎప్పుడైనా ఉతికావా?" అని తెలుగులోనే దెబ్బలాడేది. ఒక్క ముక్క తెలియకపోయినా ఆయన పగలబడి నవ్వేవాడు.

ఛానెల్‌కి కొన్ని కట్టుబాట్లుండేవి. అసలు పేరు అడగకూడదు, ఇల్లెక్కడని అడగకూడదు. ఎవరికి వాళ్ళు పెట్టుకున్న రేడియో పేరే పేరు. నాన్న 'టవర్', నేను 'దీపం'. ఆదివారాలు హాకర్ సెంటర్‌లో మకాన్ అని అందరూ కలిసి తినేవాళ్ళు, నాన్న వెళ్ళొచ్చి ఎవరు లావో, ఎవరు బట్టతలో వర్ణించి చెప్పేవాడు. ఇంకో కట్టుబాటు బటన్‌గాళ్ళ గురించి. కొందరు ఆకతాయిలు బటన్ నొక్కిపెట్టి నోరు విప్పకుండా కూర్చుంటారు. అప్పుడు హోరు చటుక్కున ఆగిపోయి, చెవుల్లో దూది పెట్టినట్టయిపోతుంది. వాడు వదిలేదాకా ఎవరి మాటా సాగదు. వాణ్ణి తిట్టకూడదు, పలకరించకూడదు, అసలు గమనించినట్టే ఉండకూడదు. "పట్టించుకుంటే వాడికి పండగ. వాడు వదిలేదాకా నోరు మూసుకుని, వదిలాక నీ దారిన నువ్వు పో, అమ్మడూ," అని నాన్న నాకు మొదట నేర్పిన పాఠం అదే.

ఇక అన్నిటికన్నా పెద్ద ఆచారం సాయంకాలపు హాజరు. దీపాలు పెట్టే వేళకి ఒకరు అందరి పేర్లూ పిలవాలి, ఉన్నవాళ్ళు పలకాలి. ఎప్పుడూ ఇంట్లో ఉండేదాన్ని నేనే కాబట్టి, ఆ పని నాకప్పగించారు. బడికి పోని పిల్ల దీవి మొత్తానికీ హాజరు వేసేది! ఆ మొదటి సాయంత్రం మైకు రెండు చేతులతో పట్టుకున్నాను. "కోపీ-ఓ?" అంటే "ప్రెజెంట్, టీచర్!" అన్నాడు. "బులాన్?" అంటే మలయ్ ఆవిడ, కుట్టుమిషను ఆపి మరీ, "హియర్, సాయాంగ్," అని ముద్దుగా పలికింది. ప్రతి పేరు తరవాత ఒక ఊపిరి ఆగమనేవాడు నాన్న. ఎవరైనా కూర కలుపుతూ ఉండొచ్చు, మైకు వెతుక్కుంటూ ఉండొచ్చు. బులాన్‌కి ముందు పేరు గోదారి. మా ఛానెల్‌లో మేము కాక తెలుగువాడు ఆయనొక్కడే. సెరంగూన్ వైపు కాపురమనీ, మెరైన్ వర్క్‌షాపులో వెల్డరుననీ ఎవరూ అడక్కుండా తనే చెప్పారు. ఆయన్ని మాత్రం తెలుగులో పిలిచేదాన్ని, "గోదారి గారూ, ఉన్నారా?" అని. "ఉన్నానమ్మా, ఎక్కడికి పోతాను!" అనేవారు ప్రతిరోజూ, అదేదో మొదటిసారి అడిగినట్టు. అది వింటే మాకు ఇంటికి బంధువులొచ్చినట్టుండేది. వంటింట్లోంచి అమ్మ, "కూరేటి వండేరో అడగవే," అని కేక వేసేది.

నాన్న పోయినప్పుడు ఛానెల్ మనుషులు చాలామంది వచ్చారు. నాకు ముఖాలు తెలియవు. ఎవరో పొట్టిగా, నల్లగా, చేతులనిండా నిప్పురవ్వల మచ్చలున్నాయన నా కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మా దీపం, నేను గోదారిని," అన్నారు. అప్పటిదాకా రాని ఏడుపు ఆ గొంతు వినగానే వచ్చింది. "హాజరు మానకు తల్లీ. టవర్ వింటాడు," అని వెళ్ళిపోయారు. మా ఫోను నంబరు అడగలేదు, నేనూ ఆయనది అడగలేదు. అది మా అలవాటు కాదు.

అప్పటికే పేజర్లు వచ్చి, అవీ పోయి, చేతిఫోన్లు వచ్చాయి. టాక్సీల్లో కంపెనీ కంప్యూటర్లు బిగించారు, కోపీ-ఓ ఒకరోజు "సారీ టీచర్, ఐ రిటైర్" అని నవ్వి వెళ్ళిపోయాడు. బులాన్ కూతురింటికి మారి, అక్కడ ఏంటెనా పెట్టనివ్వరని ఊరుకుంది. మా ఆచారం ప్రకారం, మనిషి పోయాడని కబురొస్తే తప్ప పేరు తీసెయ్యకూడదు. అందుకని అందర్నీ పిలుస్తూనే ఉన్నాను. పేరు, ఊపిరి, హోరు. పేరు, ఊపిరి, హోరు. ఒకనాటినుంచి గోదారి గారు కూడా పలకలేదు. వారం చూశాను, నెల చూశాను. మనసు కష్టపడింది. అమ్మ, "ఆయనకేటి, ఆయన కూడా ఫోను కొనీసుంటాడు," అంది. చివరికి పలికేవాళ్ళు ఎవరూ లేకుండానే, దీపం పెట్టి, నామాలు చెప్పుకుని, ఆ వెంటనే పేర్లు పిలిచేదాన్ని. అదీ ఒక జపమే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక బటన్‌గాడు తగులుకున్నాడు. నేను బులాన్ పేరు పిలిచి ఆగానంటే చాలు, హోరు చటుక్కున తెగిపోయేది. కొన్నిసార్లు బులాన్ దాటి తరవాతి పేరు మీద పడేది. మాటా లేదు, నవ్వూ లేదు, వట్టి మూగతనం. నాన్న చెప్పినట్టే నోరు మూసుకుని వాడు వదిలేదాకా ఆగి, వదిలాక తరవాతి పేరు పిలిచేదాన్ని. ఎవరూ లేని ఛానెల్‌లో ఒక ఆడదాన్ని రోజూ ఇలా ఏడిపించి వీడికేమొస్తుందని ఒళ్ళు మండేది. దేవుడి ముందు కూర్చున్నప్పుడు, స్వామీ, ఆ బటన్ నొక్కేవాడికి మంచి బుద్ధినివ్వు అని అడిగేదాన్ని. ఏళ్ళ తరబడి అడిగాను.

తరవాత మా బ్లాకు కూలగొడతామన్నారు, వేరే ఫ్లాటు ఇచ్చారు. కొత్త ఇంట్లో లిఫ్టు మా అంతస్తులోనే ఆగుతుంది. నా చక్రాల కుర్చీ నేనే నడుపుకుంటూ గుడికి వెళ్ళగలుగుతున్నాను, అందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కాని కిటికీకి వెదురు గొట్టాలు లేవు, ఏంటెనాకి చోటు లేదు. పాత ఇంట్లో చివరి సాయంత్రం సామానంతా అట్టపెట్టెల్లో సర్దేశాక, రేడియో ఒక్కటి మిగిల్చి పేర్లన్నీ పిలిచాను. రేపటినుంచి హాజరు ఉండదనీ, ఇన్నాళ్ళూ పలికినందుకు అందరికీ నమస్కారమనీ చెప్పి బటన్ వదిలాను. వెంటనే హోరు తెగింది. ఈసారి వాడు వదల్లేదు. ఆగాను, ఇంకా ఆగాను. ఎంతకీ వదల్లేదు. "ఏటే ఆ ఎదవతో? కట్టీ," అని విసుక్కుంది అమ్మ. నేను కట్టేశాను.

ఇప్పుడు నా చేతిలోనూ ఫోనుంది. గుడి వాళ్ళ గ్రూపు, మా అంతస్తు వాళ్ళ గ్రూపు, పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు. మంచిదే, కాదనను. అమ్మ పోయాక నేను మంచాన పడి ఉన్నప్పుడు అన్నం పెట్టినవాళ్ళు ఆ గ్రూపుల వాళ్ళే. అయితే ఎవరు చూశారో నీలం గీతలు చెప్పేస్తాయి కాబట్టి ఇప్పుడెవరూ ఎవరికోసమూ ఆగరు. అప్పట్లో ఉన్నారో లేదో తెలియని మనిషి కోసం ఒక ఊపిరి ఆగేవాళ్ళం. ఆ ఆగడమే మంచితనం అనుకునేదాన్ని నేను, మాధవి వచ్చేదాకా.

మాధవి చెప్పింది ఇది. ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట పూర్తిగా పోయింది, కుడిచెయ్యి పోయింది, ఎడమ చెయ్యి కాస్త ఆడేది. అప్పటికి మాధవి ఇంకా బడిలో చదువుకుంటోంది. మంచం పక్కన రేడియో పెట్టమని సైగ చేశారట. సాయంత్రం అయ్యేసరికి భార్య చేత గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడిగించుకుని, దిండ్లకి ఆనుకుని కూర్చునేవారట. "మీరు 'గోదారి గారూ, ఉన్నారా?' అంటారు కదా ఆంటీ. అప్పుడు డాడీ ప్రెస్ చెయ్యడం మొదలుపెడతారు. థంబ్ బటన్ దగ్గరికి వెళ్ళడానికే టైమ్ పడుతుంది. వీ ఆల్ వెయిట్ లా, నేనూ అమ్మా ఊపిరి బిగబట్టి. ప్రెస్ అవ్వగానే మీరు స్టాప్ అవుతారు. డాడీ వదిలాకే నెక్స్ట్ నేమ్ పిలుస్తారు. డాడీ ముఖం అప్పుడు చూడాలి మీరు."

ఆయన వేలు నెమ్మదిగా కదిలి బటన్ చేరేసరికి నేను బులాన్ దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన ఇచ్చిన జవాబు ఇంకొకరి పేరు మీద పడేది.

"మాకెప్పుడూ మీకు చెప్పాలని తట్టలేదు. ఛానెల్‌లో ఎవరో చెప్పే ఉంటారనుకున్నాం. మీరు అంతసేపు ఆగేవారు కదా," అంది మాధవి. "లాస్ట్ డే మీరు బై చెప్పారు చూడండి, ఆ రోజు డాడీ వదల్లేదు. మీరు కట్టేశాక కూడా. నేనే వేలు ఒక్కొక్కటీ తియ్యాల్సొచ్చింది." కప్పు కింద పెట్టి నావైపు చూసింది. "మీకు తెలుసు కదా ఆంటీ? డాడీయే అని?"

గూట్లో దేవుడు చూస్తున్నాడు. అబద్ధమాడటం నాకు చేతకాదు, అమ్మ నాకది నేర్పలేదు.

"తెలియదమ్మా," అన్నాను. "ఎవరో ఆకతాయి అనుకున్నాను. ఆగడం మా కట్టుబాటు. అంతే."

ఆ అమ్మాయి ఏడవలేదు. కప్పు వంటింట్లోకి తీసుకెళ్ళి, కడిగి, బోర్లించింది. తిరిగొచ్చి బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఇట్స్ ఓకే లా ఆంటీ. డాడీకి తెలియదు. హ్యాపీగా ఉన్నారు, అది రియల్," అంది. చెప్పులు వేసుకుంటూ, నావైపు చూడకుండా, "అమ్మకి మాత్రం చెప్పొద్దు ప్లీజ్. సండే తీసుకొస్తాను. డాడీ పోయినప్పట్నించి సరిగ్గా తినడం లేదు. మీకు థ్యాంక్స్ చెప్పాలని ఒకటే గొడవ," అంది.

ఆదివారం ఆవిడ వచ్చింది. పేరు సత్యవతి. బక్కచిక్కి, జబ్బల దగ్గర వదులైపోయిన జాకెట్టుతో, కూతురి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది. కూర్చోమంటే కూర్చోకుండా నా కుర్చీ దగ్గరికొచ్చి నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "ఎన్నేళ్ళు చూశారండీ ఆయన్ని! కన్నపిల్లలు కూడా అంత ఓపిగ్గా ఆగరండీ. ఆయనకి పొద్దస్తమానం ఆ ఒక్క పనేనండీ, మీరు పిలిస్తే పలకడం. మీ రుణం ఎలాగ తీర్చుకోనండీ," అంటూ నా చేతులకి కళ్ళద్దుకుంది. జీవితమంతా ఒకరికి కృతజ్ఞత చెప్పుకోవడమే ఎరుగుదును నేను. దాన్ని పుచ్చుకోవడం ఇంత బరువని ఆ రోజే తెలిసింది. మాధవి నేలకేసి చూస్తూ నిలబడింది.

ఉప్మా చేసి పెట్టాను. ఆవిడ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో అటూ ఇటూ కలియబెడుతూ, ఉన్నట్టుండి అడిగింది. "అది కాదండీ, మాటా పలుకూ లేదు కదా. నొక్కేది ఆయనేనని మీకెలాగ తెలిసేదండీ?"

మాధవి తలెత్తింది. నేను దేవుడి గూటివైపు చూడలేదు.

"ఆయన నొక్కడం వేరేగా ఉండేదండీ," అన్నాను. "తొందర ఉండేది కాదు. నొక్కగానే తెలిసిపోయేది."

"అదేనండీ!" అంది సత్యవతి గారు, కూతురి వైపు తిరిగి. "నేను చెప్పలేదూ? ఆయన నిదానం ఎవరికొస్తాదీ?" కళ్ళు తుడుచుకుని, చెంచా నిండా తీసుకుని తింది. ప్లేటు ఖాళీ చేసి, మొహమాటపడుతూ నావైపు చాపి, ఇంకాస్త ఉంటే పెట్టమంది.